ఇంటి వాయిదా కట్టలేకపోతున్నారా? మౌనంగా ఉండకండి



మన విచారణల్లో ఎవరైనా కొత్త ఇల్లు కట్టుకుంటే ఫాదరుగారిని పిలిచి ఆశీర్వదింపజేసుకుంటారు. గుమ్మానికి మామిడాకులు కడతారు, బంధువులకు భోజనాలు పెడతారు. ఆ సంతోషం ఊరంతా పంచుకుంటుంది. కాని అదే ఇంటి మీద తెచ్చిన అప్పుకు వాయిదా కట్టలేని రోజు వస్తే, ఆ మాట గుమ్మం దాటనివ్వం. తోడబుట్టినవాళ్లకు కూడా చెప్పం. "నలుగురిలో పరువు పోతుంది" అనుకుంటాం. ఇళ్లు పోగొట్టుకున్న అనేక కుటుంబాల కథ ఈ మౌనంతోనే మొదలవుతుంది. అందుకే ఈ వారం పాఠం దీని గురించి.

మన గోదావరి జిల్లాల్లో ఈ కష్టం ఏ దారినైనా రావచ్చు. భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో రొయ్యల చెరువుకు పెట్టుబడి కోసం ఇల్లు తాకట్టు పెట్టినవారున్నారు. ఒక పంటకు తెగులు తగిలితే ఆ ఏడాది వాయిదాలన్నీ తలకిందులవుతాయి. నరసాపురం, రాజోలు వైపు నుండి కువైట్, మస్కట్ వెళ్లిన తల్లుల సంపాదన మీద లేచిన ఇళ్లున్నాయి. ఆ తల్లికి జబ్బు చేసినా, వీసా అయిపోయినా డబ్బు రావడం ఆగుతుంది, వాయిదా మాత్రం ఆగదు. ఇంటి పెద్ద మరణించవచ్చు, ఉద్యోగం పోవచ్చు, ఆసుపత్రి ఖర్చు మీద పడవచ్చు. కట్టగలిగీ ఎగ్గొట్టడం తప్పు. కట్టాలని ఉండీ కట్టలేకపోవడం కష్టం. ఈ రెండూ ఒకటి కావు. కష్టంలో ఉన్నవాడు తప్పు చేసినవాడిలా దాక్కోనక్కరలేదు.

1. మీ చేతిలో ఉన్న కాలం ఎంత?

ముందు ఈ లెక్క తెలుసుకోండి. బాకీ పడిన వాయిదా 90 రోజులు దాటినా చెల్లించకపోతే బ్యాంకు ఆ ఖాతాను మొండి బాకీల్లో వేస్తుంది. దాన్నే బ్యాంకువారు ఎన్.పి.ఏ. అంటారు. ఆ తరువాత, సర్ఫేసీ చట్టం అని పిలిచే 2002 నాటి చట్టం ప్రకారం, కోర్టుకు పోకుండానే ఇల్లు స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు ఉంది. కాని ముందుగా 60 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. స్వాధీనం చేసుకున్న తరువాత మొదటిసారి వేలం వేయడానికి మరో 30 రోజుల నోటీసు ఇవ్వాలి. 90, 60, 30 కలిపితే 180 రోజులు. అంటే మొదటి వాయిదా తప్పిన నాటి నుండి వేలం దాకా చట్టం ప్రకారమే కనీసం ఆరు నెలలు ఉంది.

ఈ ఆరు నెలల్లో మొదటి మూడు నెలలు చాలా విలువైనవి. అప్పుడు మీరు బ్యాంకుకు ఇంకా మంచి ఖాతాదారే. మేనేజరు చేయగలిగినవి చాలా ఉంటాయి. ఖాతా మొండి బాకీల్లోకి వెళ్లిన తరువాత పని ఆయన చేతి నుండి పై కార్యాలయానికి పోతుంది. మనవాళ్లు చాలామంది ఆ మొదటి మూడు నెలలూ బ్యాంకు ఫోను ఎత్తకుండా గడుపుతారు. నాలుగో నెలలో పరుగెత్తుతారు.

2. వాయిదా కట్టడానికి చేబదులు తేవద్దు

మౌనంగా ఉన్న కుటుంబం చేసే మొదటి పని ఏమిటి? ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాసి తెచ్చి బ్యాంకు వాయిదా కట్టడం. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. బ్యాంకు వడ్డీ సుమారు 9 శాతం అనుకుందాం. తొమ్మిది శాతం అప్పు తీర్చడానికి ముప్పయ్యారు శాతం అప్పు తెచ్చామన్నమాట.

ఒక ఉదాహరణ చూడండి. మీకు ఇంకా 10 లక్షల బాకీ, పది సంవత్సరాల గడువు ఉన్నాయి. 9 శాతం వడ్డీకి నెల వాయిదా సుమారు 12,670 రూపాయలు. ఆరు నెలలు చేబదులు తెచ్చి కట్టారనుకోండి. ఏడో నెల నుండి ఆ వాయిదాకు తోడు, చేబదులు 76,000 మీద నెలకు దాదాపు 2,280 రూపాయల వడ్డీ కూడా కట్టాలి. 12,670 కట్టలేనివారు దాదాపు 15,000 ఎలా కడతారు? ఇల్లు నిలబెట్టుకున్నామనుకుంటాం గాని పునాది కింద మనమే తవ్వుతున్నాం.

బీరువాలో బంగారం ఉంటే దాన్ని బ్యాంకులో పెట్టి తెచ్చుకోవడం ఇంతకంటే మేలు. అది కూడా, డబ్బు ఫలానా నెలలో వస్తుందని ఖాయంగా తెలిసినప్పుడే. ఇన్సూరెన్స్ పాలసీ మీద అప్పు, ఉద్యోగులకైతే నిబంధనల మేరకు పీఎఫ్ సొమ్ము కూడా చూసుకోవచ్చు. మేడ మీద వాటా ఖాళీగా ఉంటే అద్దెకివ్వండి. పెద్ద ఇల్లు అద్దెకిచ్చి కొంతకాలం చిన్న ఇంట్లో ఉండడం చిన్నతనం కాదు.

అప్పు తీసుకున్న వ్యక్తి మరణించిన ఇళ్లలో ఒక సంగతి తప్పక చూడండి. ఇంటి అప్పు ఇచ్చేటప్పుడు చాలా బ్యాంకులు దానితో పాటు బీమా చేయిస్తాయి. ఆ కాగితం అప్పు ఫైలులోనే ఉండిపోతుంది. భర్త పోయిన దుఃఖంలో ఉన్న సోదరికి ఆ సంగతి తెలియకపోవచ్చు. ఎవరైనా ఆమెతో కూడా వెళ్లి "ఈ అప్పుకు బీమా ఉందా?" అని అడగండి. ఉంటే బాకీ మొత్తమో, కొంతో బీమా సంస్థే తీర్చవచ్చు.

3. బ్యాంకుకు వెళ్లి ఏమడగాలి?

భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లండి. నోటితో చెప్పి రాకండి, రాసి ఇవ్వండి. నకలు మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"అయ్యా, ఫలానా నంబరు ఇంటి అప్పు నా పేర ఉన్నది. ఇప్పటి వరకు వాయిదాలు సక్రమంగా చెల్లించాను. ఫలానా కారణం వలన నా నెల ఆదాయం ఇంతకు తగ్గినది. ప్రస్తుతం నెలకు ఇంత మాత్రమే చెల్లించగలను. కాబట్టి గడువు పెంచి వాయిదా తగ్గించవలసినదిగా, బాకీ వివరాల పత్రం ఇప్పించవలసినదిగా కోరుచున్నాను."

కారణానికి రుజువులు జతపరచండి. ఆసుపత్రి కాగితాలు, ఉద్యోగం పోయిన ఉత్తరం, మరణ ధృవపత్రం, ఏది ఉంటే అది. మీరు అడగదగినవి ముఖ్యంగా మూడు.

మొదటిది, గడువు పెంచడం. పై ఉదాహరణలో పదేళ్ల గడువును పదిహేనేళ్లు చేస్తే వాయిదా 12,670 నుండి సుమారు 10,140కి తగ్గుతుంది. నెలకు రెండున్నర వేల ఊరట. కాని మొత్తం వడ్డీ 5 లక్షల 20 వేల నుండి 8 లక్షల 25 వేలకు పెరుగుతుంది. ఇది ఊరికే వచ్చే ఊరట కాదు. ఇల్లు నిలుస్తుందంటే తీసుకోండి. మంచి రోజులు వచ్చాక కొంత కొంత అసలు ముందుగా కట్టి గడువు తగ్గించుకోండి. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీర్చినందుకు బ్యాంకు జరిమానా వేయరాదు.

రెండవది, వడ్డీ రేటు చూపించమనడం. 2022 మే నుండి 2023 ఫిబ్రవరి వరకు రిజర్వు బ్యాంకు తన రేటును 4 శాతం నుండి 6.5 శాతానికి పెంచింది. అప్పుడు చాలా బ్యాంకులు వాయిదా మార్చకుండా గడువు పొడిగించాయి. వాయిదా అంతే ఉంది కాబట్టి మనవాళ్లు గమనించలేదు. 20 లక్షల అప్పు, 20 సంవత్సరాలు, 7 శాతం వడ్డీ అయితే వాయిదా సుమారు 15,500. వడ్డీ 9 శాతమై వాయిదా మాత్రం అంతే ఉంచితే ఆ అప్పు తీరడానికి 38 సంవత్సరాలు పడుతుంది! తండ్రి తెచ్చిన అప్పు మనుమల దాకా పోతుంది. ఇటువంటివి చూసే 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఆదేశమిచ్చింది. రేటు మారినప్పుడు ఆ సంగతి తెలియజేయాలి. వాయిదా పెంచాలా, గడువు పెంచాలా అన్నది అప్పు తీసుకున్నవారినే అడగాలి. 2025లో రేటు మళ్లీ తగ్గింది. ఆ తగ్గింపు మీ ఖాతాలో పడిందో లేదో అడగండి. మీ బ్యాంకు రేటు మరీ ఎక్కువైతే, వాయిదాలు తప్పక ముందే అప్పును వేరే బ్యాంకుకు మార్చుకోవచ్చు. తప్పిన తరువాత ఏ బ్యాంకూ తీసుకోదు.

మూడవది, కొన్ని నెలలు వాయిదా ఆపమనడం. ఇది బ్యాంకు ఇష్టం. ఇచ్చినా మాఫీ అనుకోవద్దు. 2020లో కరోనా వచ్చినప్పుడు మార్చి నుండి ఆగస్టు వరకు ఆరు నెలలు వాయిదాలు ఆపుకోవడానికి రిజర్వు బ్యాంకు వీలిచ్చింది. చాలామంది సంతోషించారు. కాని ఆ ఆరు నెలలూ వడ్డీ నడుస్తూనే ఉంది. వడ్డీ మీద వడ్డీ వేయరాదని 2021 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది గాని, అసలు వడ్డీ మాఫీ కాలేదు.

4. నిలవదని తెలిస్తే, మనమే అమ్ముకుందాం

ఇది చెప్పడానికి మనసు ఒప్పదు. అయినా చెప్పాలి. గడువు పెంచినా కట్టలేమని లెక్క తేల్చిచెబితే, బ్యాంకు అమ్మే దాకా ఆగకండి. మీరే అమ్మండి. మీరు తొందర లేకుండా అమ్మితే ఊరి ధర వస్తుంది. వేలంలో ఆ ధర వస్తుందన్న నమ్మకం లేదు. పైగా వేలం ఖర్చులు మీ లెక్కలోనే రాస్తారు. వేలంలో బాకీకి తక్కువ వస్తే మిగతాది కూడా మీ దగ్గరే రాబడతారు.

పద్ధతి ఇది. బ్యాంకుకు రాసి, ఈ రోజుకు ఎంత కడితే అప్పు తీరుతుందో పత్రం తీసుకోండి. కొనేవారికి తాకట్టు సంగతి దాచకండి. ఈసీ తీయిస్తే ఎలాగూ బయటపడవచ్చు, దాచినందుకు బేరం చెడుతుంది. కొనేవారు బ్యాంకు బాకీని నేరుగా బ్యాంకుకే కట్టి, మిగిలింది మీకిచ్చేలా మాట్లాడుకోండి. బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. తన వలన ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున ఇచ్చుకోవాలని 2023లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది.

ఉన్న ఇల్లు అమ్మి, అప్పు తీర్చి, మిగిలిన నాలుగు లక్షలతో అద్దె ఇంట్లో ప్రశాంతంగా ఉన్న కుటుంబం ఓడిపోయినట్టు కాదు. అప్పు తీరింది, మాట నిలిచింది, పిల్లల చదువు ఆగలేదు.

కొందరు "ఒకేసారి ఇంత కడతాం, మిగతాది తగ్గించండి" అని రాజీ అడుగుతారు. మొండి బాకీల్లో పడిన ఖాతాలకు బ్యాంకులు ఇలా ఒప్పుకోవచ్చు. లోక్ అదాలత్‌లో కూడా ఇలాంటి రాజీలు కుదురుతాయి. కాని అది మన హక్కు కాదని 2021లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రాజీ పడిన సంగతి మీ అప్పుల చరిత్రలో ఉండిపోయి, తరువాత కొత్త అప్పు పుట్టడం కష్టమవుతుంది. ఇవన్నీ తెలిసి అడగండి.

5. నోటీసు వస్తే

రిజిస్టరు పోస్టు తిప్పి పంపకండి. తీసుకోకపోతే నోటీసు చెల్లదన్నది అపోహ. తీసుకుని తేదీ రాసుకోండి. ఆ 60 రోజుల్లో లెక్క తప్పుందనో, ఇంత గడువు కావాలనో రాతపూర్వకంగా అభ్యంతరం తెలపండి. దానికి బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి.

60 రోజులు దాటితే స్వాధీనపు నోటీసు ఇంటి తలుపుకు అంటిస్తారు. రెండు దినపత్రికల్లో వేస్తారు. అందులో ఒకటి తెలుగు పత్రిక. ఊరికి తెలియకూడదని ఏడాదిపాటు దాచిన సంగతి ఆ రోజు పేరు, ఇంటి నంబరుతో సహా అచ్చవుతుంది. పరువు కోసం పాటించిన మౌనం చివరకు తెచ్చేది ఇదే.

అప్పుడు కూడా దారులు పూర్తిగా మూసుకుపోవు. స్వాధీన చర్య జరిగిన 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. మన ప్రాంతానికి అది విశాఖపట్నంలో ఉంది. వేలం ప్రకటన వెలువడే లోగా ఖర్చులతో సహా బాకీ కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు. 2016 సవరణ తరువాత, ప్రకటన వచ్చాక ఆ హక్కు ఉండదు. వేలంలో బాకీ కంటే ఎక్కువ వస్తే ఆ మిగులు మీది, అడిగి తీసుకోండి. అసలు వడ్డీలు కలిపి 20 శాతం కంటే తక్కువే బాకీ మిగిలి ఉంటే, ఈ చట్టం కింద ఇల్లు స్వాధీనం చేసుకోవడానికి వీలులేదు. బ్యాంకు కోర్టుకు పోవలసిందే.

వసూళ్లకు వచ్చేవారు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తరువాత ఫోను చేయరాదు. తిట్టడం, బెదిరించడం, బంధువుల ముందు అవమానించడం నిషేధం. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చదవండి. అప్పిచ్చినవాడు తాకట్టు కోసం బాకీదారుని ఇంట్లోకి చొరబడకూడదు, వెలుపలే నిలబడాలి అన్న నియమం అక్కడ కనిపిస్తుంది. అప్పు పడిన మనిషికి కూడా గడప గౌరవం ఉందని అంత పూర్వమే చెప్పారు. ఎవరైనా హద్దు మీరితే బ్యాంకుకు రాయండి. 30 రోజుల్లో తగిన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోను చేయండి.

వకీలును పెట్టుకునే శక్తి లేదనుకోకండి. రాజమండ్రి, ఏలూరు జిల్లా కోర్టుల్లో న్యాయసేవాధికార సంస్థలున్నాయి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ అక్కడ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఫోను నంబరు 15100.

6. రెండు అపోహలు, ఒక హెచ్చరిక

"ఐపీ పెట్టేస్తే ఇల్లు దక్కుతుంది" అని మన వైపు తరచు వినిపించే మాట. ఇది నిజం కాదు. దివాలా పిటిషను వేసినా, తాకట్టులో ఉన్న ఇంటి మీద బ్యాంకు హక్కు అలాగే ఉంటుంది. వకీలు ఫీజు, ఊళ్లో నమ్మకం రెండూ పోతాయి, ఇల్లు మాత్రం దక్కదు.

"జామీను సంతకమే కదా" అన్నది రెండో అపోహ. జామీను పడినవారి బాధ్యత అప్పు తీసుకున్నవారితో సమానం. బ్యాంకు నేరుగా జామీనుదారు మీదికే రావచ్చు. కాబట్టి మీ వాయిదాలు తప్పబోతున్నాయంటే, మీకు సంతకం పెట్టిన మేస్టారికి ముందు చెప్పండి. అది కనీస ధర్మం.

ఇక హెచ్చరిక. ప్రైవేటు అప్పు కోసం "నమ్మకానికి" ఇంటిని అమ్మకం దస్తావేజుగా రిజిస్టరు చేసి ఇవ్వకండి. "డబ్బు కట్టగానే తిరిగి రాసిస్తా" అన్న నోటిమాట కోర్టులో నిలవడం కష్టం. తిరిగి రాసివ్వాలన్న షరతు అదే దస్తావేజులో రాసి ఉంటేనే చట్టం దాన్ని తనఖాగా చూస్తుంది. ఖాళీ ప్రోనోటు మీద, ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం చేయకండి. కట్టిన ప్రతి రూపాయికీ ప్రోనోటు వెనుక చెల్లు వేయించుకోండి.

7. విచారణ కుటుంబం చేయగలిగింది

నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయంలో మనలాంటి ప్రజలే కనిపిస్తారు. కరువులో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టారు. అప్పిచ్చినవారు పరాయివారు కారు, సొంత సోదరులే. ఆ ప్రజలు మౌనంగా ఉండలేదు. భార్యాభర్తలు కలిసి మొరపెట్టుకున్నారు. నెహెమ్యా ఆ మొర విని, సభ పిలిచి, తీసుకున్నవి తిరిగి ఇప్పించాడు. మొర బయటికి వచ్చింది కనుకనే న్యాయం జరిగింది.

మన విచారణల్లో బ్యాంకుల్లో పనిచేసి రిటైరైనవారున్నారు, వకీళ్లున్నారు, లెక్కలు చెప్పే ఉపాధ్యాయులున్నారు. విన్సెంట్ ది పాల్ సభ ఉన్నచోట ఆ సభ్యులున్నారు. కష్టంలో ఉన్న కుటుంబంతో పాటు బ్యాంకు దాకా వెళ్లడానికి ఒక్క మనిషి చాలు. డబ్బు ఇవ్వనక్కరలేదు. ఉత్తరం రాసిపెట్టండి, పక్కన కూర్చోండి, విన్న సంగతి మరొకరికి చెప్పకండి. మనం గుసగుసలాడతామన్న భయంతోనే వాళ్లు నోరు విప్పడం లేదని గుర్తుంచుకోండి. మనలో వడ్డీలకు ఇచ్చేవారు కూడా ఉన్నారు. వారు ఆ అధ్యాయాన్ని మరొకసారి చదువుకోవడం మంచిది.

ఈ వారం రాత్రి జపమాల అయిన తరువాత ఇంటిల్లిపాది కూర్చుని ఈ ప్రశ్నలు వేసుకోండి:

మన ఇంటి మీద ఈ రోజుకు ఎంత బాకీ ఉంది? ఎన్నేళ్లు మిగిలింది? వడ్డీ రేటు ఎంత?

ఆ అప్పుకు బీమా ఉందా? కాగితాలు ఎక్కడున్నాయో ఇంట్లో ఇద్దరికైనా తెలుసా?

మూడు నెలలు ఆదాయం ఆగితే మనం ముందు ఎవరికి చెబుతాం?

మూడో ప్రశ్నకు జవాబు ఈ రోజే రాసి పెట్టుకోండి. వాయిదా తప్పే నెల వస్తే, ఆ పేరు గల మనిషి దగ్గరికి వెళ్లండి. ఆ మరుసటి రోజే బ్యాంకుకు వెళ్లండి. ఇల్లు ఆశీర్వదించిన రోజున నలుగురినీ పిలిచాం. ఆ ఇల్లు కష్టంలో ఉన్న రోజున వారిలో ఒక్కరినైనా పిలుద్దాం.